ఎలుగుబంటి కొరికిన ముక్కు

నల్లమల అంచున, మైదుకూరుకు పొద్దుపొడిచే దిక్కున ఉన్న ఆ పల్లెలో జీవమ్మ ముక్కును ఎలుగుబంటి కొరికిందని అందరికీ తెలుసు. అది ఏ బండ చాటునుంచి వచ్చిందో, ఏ పంజా ముందు విసిరిందో కూడా చెప్పేవాళ్లు. వాళ్లందరికీ చెప్పింది ఆమె మొగుడు లేవి.

ఎలుగుబంటీ లేదు, ఏమీ లేదు. గాజులాయన చేయి పట్టుకుని గాజులు తొడుగుతుంటే జీవమ్మ ఏదో మాటకు నవ్వింది. ఆ సాయంత్రమే లేవి తలుపు గడియ వేసి మంగలికత్తితో కోశాడు. "బయట నోరిప్పినావంటే పిల్ల నీకు కనపడదు" అన్నాడు. పిల్ల ఇంకా పాలు మానలేదు. జీవమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నోరు మూసుకుంది.

ఆ పిల్ల ప్రేమమ్మ పెరిగి నంద్యాలకు కాపురానికి పోయింది. బండి మలుపు తిరిగాక లేవి కండ్లు తుడుచుకున్నాడు గాని జీవమ్మ తుడుచుకోలేదు. ఇంక నన్ను బెదిరించడానికి నీ దగ్గర ఏముందిరా అనుకుంది, వాడి వీపు చూస్తూ. కానీ తానొక్కతే చెబితే నమ్మేదెవరు? ఊరు ఊరంతా ఎలుగుబంటినే నమ్మింది. ఆ మాట వాడి నోటినుంచే రావాలి.

లేవి ఆ ఏడు ఏసు గుడిలో సంఘపెద్ద కావాలని తిరుగుతున్నాడు. అప్పుడే మిషను ఆసుపత్రి డాక్టరు దొరసాని మందులు ఇవ్వడానికి పల్లెకు వచ్చి, జీవమ్మ కొంగు తీసి చూసి, నలుగురిలో అనేసింది.

"ఇది పంటి గాయము కాదు, పంజా గాయము కాదు. మిక్కిలి నున్నగా కోయబడినది."

ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇన్నేళ్లు పెండ్లాం ముక్కువంక చూడని లేవి "పా, ఆసుపత్రికి పోదాం. నుదుటి తోలు తిప్పి ముక్కు చేస్తారంట" అన్నాడు. గుర్తు చెరిగిపోతే మాటా చెరిగిపోతుందని వాడి ఆలోచన. జీవమ్మకు అది తెలుసు. తెలిసీ ఆశపడింది. నలుగురి ముందు కొంగు తీసి ముద్ద తినాలని ఆమెకు ఎన్నాళ్లుగానో ఉంది.

ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. లేవి బయటే ఉండిపోయాడు. దొరసాని మూత్రం పరీక్ష చేసింది. శెనక్కాయలు పీకేటప్పుడు ముల్లు గుచ్చుకుని ఇప్పటికీ మానని కాలిపుండు చూసింది.

"నీకు చక్కెర వ్యాధి ఉన్నది. నుదురు కోసిన యెడల మానదు. కొత్త ముక్కు కుళ్లిపోవును. ప్రాణము కూడ పోవచ్చును. నేను చేయను."

"సూదిమందు ఉండాదంట కదా దొరసానమ్మా?"

"దినదినము వేయవలెను. మీ ఊరిలో ఎవరు వేయుదురు? వేసినను నేను పూచీపడను."

జీవమ్మ నుదురు ఒకసారి తడుముకుంది. తర్వాత లేచింది.

"బయట మా ఆయన ఉండాడు. మీరేం చెప్పొద్దు. నేనే చెప్తా."

లేవి ఎదురొచ్చాడు. "ఏమనె?"

"చేస్తానంటాది."

వాడి మొహం వెలిగిపోయింది. పెండ్లిరోజు కూడా ఆమె అంత వెలుగు చూడలేదు.

"ఒకటే అడ్డం. గోరు తగిలినదానికి ఒక మందంట, ఇనుము తగిలినదానికి ఇంకొకటంట. మందు తప్పితే మనిషి దక్కదంట. ఏది తగిలిందో పాస్టరయ్య సంఘంలో విని చెప్తేనే కత్తి పట్టుకుంటాదంట."

"అయితే నువ్వే చెప్పు."

"నేనా? నాకు ఎలుగుబంటి తప్ప ఇంకోటి రాదే. నువ్వే కదా నేర్పించినావు."

బస్సులో లేవి లెక్కలు వేసుకున్నాడు. వాళ్ల సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ముందు తప్పు చేసినవాడు లేచి ఒప్పుకుంటాడు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఎత్తకూడదు. కల్లు తాగి కొట్లాడిన ఏసేపు అట్లే ఒప్పుకుని ఇప్పుడు కానుకల సంచి పడుతున్నాడు. ఒప్పుకుంటే పాపం పోతుంది, ఆపరేషనైతే గుర్తు పోతుంది. ఇంక మిగిలేదేముంది?

జీవమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ "నీ ఇష్టం. లేదంటే ముక్కూ ఇట్లే ఉంటాది, దొరసాని మాటా అట్లే ఉంటాది" అంది.

ఆదివారం గుడిలో లేవి లేచి నిలబడ్డాడు.

"ఎలుగుబంటి కాదు. నేనే కోసినా. మంగలికత్తితో."

ముసలి విశ్వాసమ్మే ముందు తేరుకుంది.

"అయితే ఎలుగుబంటి లేనే లేదారా?"

"లేదు పెద్దమ్మా."

"నీ పాసుగాల! దానికి భయపడి ఇన్నేండ్లు ఆ దిక్కు కట్టెలకు పోకపోతిమే! చుట్టుదోవ తిరిగి తిరిగి నా నడుములు పాయె కదరా!"

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. లేవి పక్కనున్న మగవాళ్లు చాపమీద కొంచెం కొంచెంగా దూరం జరిగారు. వాడు అది గమనించలేదు. ఆడవాళ్ల వైపే చూస్తున్నాడు.

"చెప్పినా కదా. రేపే పోదాం పా."

జీవమ్మ లేచి కొంగు వదిలేసింది.

"యాడికి? ఆపరేషన్ చేయనని దొరసాని ఆ పొద్దే చెప్పింది. నా ఒంట్లో చక్కెర జబ్బు ఉండాదంట. కోస్తే మానదంట, చస్తానంట."

"మరి నాతో గోరనీ, ఇనుమనీ..."

"అది దొరసానికి ఎందుకు? వీళ్లకు తెలియాల. తెలిసింది."

పాస్టరయ్య రొట్టె చేతిలో పట్టుకునే, "అమ్మా జీవమ్మా, ఒప్పుకున్నాడు కదా. క్షమించానని ఒక్కమాట అను, బల్లకు పోదాం" అన్నాడు.

"ముక్కు మొలవనీయండి అయ్యగారూ. ఆ పొద్దు క్షమిస్తా."

లేవి సంఘపెద్ద కాలేదు. కాలిపుండుతో జీవమ్మ మరికొన్నేళ్లు బతికింది. ఏ ఆదివారమూ గుడి మానలేదు. కొంగు మళ్లీ మొహానికి అడ్డం రాలేదు. లేవి స్తంభం చాటుకు పోతే ఆమె చాప కొంచెం పక్కకు లాక్కునేది, వాడికి సరిగ్గా కనపడేటట్టు.