మూడో వీధి నీళ్ళు

మా ఊళ్ళో ఎవరి గుమ్మంలో నిలబడి దాహం అడిగినా, ఆ ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి నీళ్ళు ఇస్తారు. తోమిన గ్లాసులో పోసి, కింద పళ్ళెం పెట్టి మరీ ఇస్తారు. ఈ మర్యాద వల్ల నేను పదిమందిలో ఎలా నవ్వులపాలయ్యానో చెప్పాలంటే ముందు నీలం పెట్టె గురించి చెప్పాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా పంచాయతీకి నీళ్ళు పరీక్షించుకునే పెట్టె ఒకటి వచ్చింది. అందులో చిన్న చిన్న గాజు సీసాలు, చుక్కల మందు, రంగుల అట్ట, ఇంగ్లీషులో ఒక పుస్తకం ఉన్నాయి. రెండు నెలల పాటు అది పంచాయతీ ఆఫీసు బీరువా మీద దుమ్ము పట్టింది. ఒకరోజు పొద్దున్నే సర్పంచి గారు దాన్ని రిక్షాలో పెట్టించుకుని మా ఇంటికి వచ్చారు. ఆవిడ నేతవాళ్ళ ఇంటి కోడలు. మా తాతగారూ నాన్నగారూ జన్మంతా కట్టింది ఆవిడ మామగారి మగ్గం మీద నేసిన పంచెలే.

“బాబుగారూ, కాలేజీలో సీసాలు కడిగేది మీరేనంటగా?” అన్నారావిడ.

నేను చల్లపల్లి వైపు ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లాబ్ అసిస్టెంటుని.

“కడిగించేది నేను,” అన్నాను.

“అదేలెండి. ఈ పెట్టె సంగతి మీరే చూడాలి. చెరువు మాట తేలిపోవాల.”

చెరువు అనగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మాది జమీందారీ కాదు గానీ, ఒకప్పుడు జమీందారు గారి సభలో మా తాతగారికి కుర్చీ వేసేవారు. నా కాలానికి పొలాలు పోయాయి. మేడలో సగం సిమెంటు గోడౌను అయింది. మిగిలింది ముందు హాలు, ఒక గది, వంటిల్లు, ఇంకా ఊరి మంచినీళ్ళ చెరువు గట్టు మీద తాతగారి పేరు చెక్కిన రాయి. చెరువు తవ్వించింది ఆయనే. కాలువ వదిలినప్పుడు దాన్ని నింపుకుంటాం. ఆ నీళ్ళు ఇసుక ఫిల్టరు దాటి, ఎత్తు ట్యాంకు ఎక్కి, క్లోరిన్ కలుపుకుని, పొద్దున గంట, సాయంత్రం గంట నాలుగు వీధుల కుళాయిల్లో వస్తాయి.

ఆ వేసవిలో పిల్లలకు వరసగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. చెరువు చెడిపోయిందని ఊరంతా ఒకటే మాట. ఈలోగా చేపల చెరువుల ఆసామి ఒకరు పంచాయతీకి కబురు పెట్టారు. మనుషులకు పనికిరాని చెరువు చేపలకైనా పనికొస్తుంది, లీజుకివ్వండి, మీకు బోరు వేయించి పెడతాను అన్నారు. నెలాఖరు మీటింగులో తేల్చాలి. తాతగారి రాయి పక్కన చేపల మేతకని కోళ్ళ పెంట బస్తాలు దించుతున్నట్టు నాకు కళ్ళకు కట్టింది. పెట్టె లోపల పెట్టమన్నాను.

పరీక్ష పెద్ద కష్టమైనదేమీ కాదు. సీసాలో గీత దాకా నీళ్ళు పోసి మూత బిగించి ఒకటిన్నర రోజు ఉంచాలి. నీళ్ళలో మురుగు కలిసి ఉంటే నల్లబడతాయి, లేకపోతే లేత పసుపుగానే ఉంటాయి. మర్నాడు ఇస్త్రీ పంచె కట్టుకుని, సీసాలు సంచిలో వేసుకుని బయల్దేరాను. వీధి కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని నీళ్ళు పట్టడం మా ఇంటా వంటా లేదు. అందుకని నాలుగు వీధుల్లోనూ పది ఇళ్ళు ఎంచుకుని, ప్రతి గుమ్మంలోనూ నిలబడి “పరీక్షకు కాసిని నీళ్ళివ్వండి” అని అడిగాను. అందరూ ఇచ్చారు. సీసాలను హాల్లో అలమారలో వరసగా పెట్టాను. ఒక సీసాలో వాము వాసన వచ్చింది గానీ, బిందెకు అంటిందేమో అనుకున్నాను.

ఒకటిన్నర రోజు గడిచింది. పది సీసాల్లో ఒక్కటీ నల్లబడలేదు.

ఆ సాయంత్రం నేను నడిచిన నడక మా ఆవిడకు ఇప్పటికీ గుర్తే. సర్పంచి గారికి చెప్పాను, పోస్టాఫీసు అరుగు మీద చెప్పాను, అడగనివాళ్ళకు కూడా ఆపి చెప్పాను. మా తాతగారి చెరువుకు ఏ దోషమూ లేదన్నాను. నాలుగు రోజులు తిరక్కుండానే మూడో వీధిలో సర్పంచి గారి చిన్నవాడితో సహా ముగ్గురు పిల్లలకు సెలైన్ ఎక్కించారు.

పిల్లవాడిని చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. వాడు మంచం మీద కూర్చుని అప్పటికే బిస్కెట్ల కోసం పేచీ పెడుతున్నాడు. వాళ్ళ తాత మగ్గం ఆపి, గుంటలోంచే తలెత్తి చూశాడు.

“అమ్మాయ్, ఆరోజు బాబుగారికి ఏ నీళ్ళిచ్చావే?” అని కోడలిని అడిగాడు.

“కాచి చల్లార్చినయ్యి మావయ్యా. బాబుగారు ఇంటికొచ్చి అడిగితే పంపు నీళ్ళెట్టా ఇస్తాను?”

గుమ్మంలో నిలబడ్డ పక్కింటావిడ అందుకుంది. “మేం టిన్ను నీళ్ళు కొనుక్కొచ్చి ఇచ్చామండీ. ఎదురింటోళ్ళు బాలింత కోసం కాచిన వాము నీళ్ళిచ్చారు. అంతకంటే శుభ్రమైనయ్యి వాళ్ళింట్లో లేవంట.”

ముసలాయన నవ్వాపుకోలేక మగ్గం పలక పట్టుకున్నాడు. “అయితే బాబుగారూ, మీ సీసాల్లో మన ఊరి పంపు నీళ్ళు చుక్క కూడా పడలేదన్నమాట!”

నా చెవులు వేడెక్కాయి. కాలేజీలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు శాంపిల్ ఎలా తీయాలో చెప్పిన మనిషిని నేను.

మర్నాడు పొద్దున నీళ్ళు వదిలే వేళకు మొదటి వీధి కుళాయి దగ్గర పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చున్నాను. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు దూరంగానే ఆగిపోయారు. స్పిరిట్ దూదితో కుళాయి మూతి తుడిచాను. సూక్ష్మక్రిములు చావడానికి ఇంకో దూది వెలిగించి ఇత్తడి మూతి చుట్టూ తిప్పాను.

“బాబుగారు పంపుకి హారతిస్తన్నారర్రోయ్!” అని ఒకావిడ అరిచింది. ఆవిడ మూడో వీధిలో మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. నోటికి జంకే లేదు. “కొబ్బరికాయ తెమ్మంటారా బాబుగారూ?”

“ముందు మీరు పక్కకు జరగండి, నీళ్ళు పట్టాలి,” అన్నాను. ఎంత గంభీరంగా అన్నానో అంతగా నవ్వారు.

ట్యాంకు దగ్గర ఒకటి, వీధికి రెండు చొప్పున మొత్తం తొమ్మిది సీసాలు పట్టాను. చుక్కల మందుతో క్లోరిన్ కూడా చూశాను. ట్యాంకు దగ్గరా, మొదటి రెండు వీధుల్లోనూ నీళ్ళు పసుపు తిరిగాయి. అంటే క్లోరిన్ ఉంది. మూడు, నాలుగు వీధుల్లో రంగే రాలేదు. అప్పుడే మనసులో ఏదో తట్టింది గానీ, ఎటూ తేల్చకుండా సీసాలను అలమారలో పెట్టాను.

మర్నాటి సాయంత్రం చూస్తే అలమారలో పది సీసాలున్నాయి. ట్యాంకుదీ, మొదటి రెండు వీధులవీ లేత పసుపు. మూడు, నాలుగు వీధులవి నలుపు. చివరన చీటీ లేని పదో సీసా కాటుకలా ఉంది.

“ఇదెక్కడిది?” అన్నాను.

“మన పంపుది,” అంది మా ఆవిడ వంటింట్లోంచి. “మీరు అందరివీ పట్టారు, మనది పట్టలేదు.”

“మనది వీధి కుళాయి కాదుగా!”

“నీళ్ళకి ఆ సంగతి తెలీదు కదండీ,” అంది.

వెంటనే సర్పంచి గారి దగ్గరకు వెళ్ళి మూడు, నాలుగు వీధులవాళ్ళు నీళ్ళు కాచి తాగేలా దండోరా వేయించమన్నాను. చెరువు బాగానే ఉందనీ, మురుగు దారిలో కలుస్తోందనీ చెప్పాను.

“రెండో వీధికీ మూడో వీధికీ మధ్య ఏవుందండీ?” అన్నారావిడ. ఆ వెంటనే తల దించుకుని చీర కొంగు సవరించుకున్నారు.

మధ్యన ఉన్నది మా ఇల్లే. తొంభైల మొదట్లో ఊళ్ళోకి కుళాయిలు వచ్చినప్పుడు, మా అమ్మ బిందె పట్టుకుని వీధిలో నిలబడటం నాన్నగారికి ఇష్టం లేకపోయింది. ఉన్న పలుకుబడి కాస్తా ఖర్చుపెట్టి, పెద్ద పైపులోంచి మురుగు కాలువ కిందుగా వంటింటికి విడిగా పైపు లాగించారు. మా అమ్మ నీళ్ళు కాచనిదే ఎవరికీ పోసేది కాదు. మా ఆవిడా అదే కొనసాగించింది. అందుకే మా ఇంట్లో ఏనాడూ ఎవరికీ కడుపునొప్పి కూడా రాలేదు.

నేను వెంటనే ఒప్పుకున్నానని చెబితే అబద్ధమవుతుంది. పెట్టెలో సీసాలు పాతబడి ఉండొచ్చు కదా అనుకున్నాను. బెజవాడలో ప్రభుత్వ ప్రయోగశాల ఉంది. అక్కడ తేల్చుకుందామని కాలేజీకి సెలవు పెట్టి, మళ్ళీ నీళ్ళు పట్టి, ఐసు నింపిన డబ్బాలో సీసాలు పెట్టుకుని బస్సెక్కాను. ఉయ్యూరు వచ్చేసరికి ఐసు కరిగిపోయింది. పక్క సీట్లో చేపల గంపతో ఒక బెస్తావిడ కూర్చుని ఉంది. నేను మాటిమాటికీ మూత తీసి చూసుకోవడం గమనించి, “ఏంటండీ అందులో, రొయ్యలా?” అంది.

“నీళ్ళు.”

“నీళ్ళకి ఐసెందుకండీ?” అని ఆశ్చర్యపోయి, జాలిపడి, తన గంపలోంచి రెండు దోసిళ్ళ ఐసు నా డబ్బాలో పోసింది. సీసాల మూతలు బిగుతుగా ఉన్నాయి కాబట్టి పరీక్షకు ఢోకా లేదు. ప్రయోగశాలలో డబ్బా తెరిచిన ఉద్యోగి మాత్రం రెండడుగులు వెనక్కి వేసి, “ఊరి పేరు రాయండి, చేప పేరు అక్కర్లేదు,” అన్నాడు.

వారానికి కాగితం వచ్చింది. నా అలమార చెప్పిందే అదీ చెప్పింది.

నెలాఖరు మీటింగు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద జరిగింది. చేపల ఆసామి ముందు వరసలో కూర్చున్నారు. ఏమీ మాట్లాడకపోతే చెరువు పోతుంది. మాట్లాడితే ఇన్నాళ్ళూ పిల్లలకు మురుగు తాగించింది మా ఇల్లని నలుగురికీ తెలుస్తుంది. ఈ రెండింటినీ ముందు రోజంతా తూచాను. లేచి నిలబడి, నడుము వంచకుండా, కాగితం చదివాను. చదివాక మడిచి జేబులో పెట్టుకున్నాను.

“చెరువు తప్పు లేదు. నీళ్ళు ఆగినప్పుడల్లా మా ఇంటి పైపు మురుగు పీల్చి మీ పైపులో పోస్తోంది. తప్పు మా ఇంటిది. పిల్లల తల్లులందరికీ నా క్షమాపణ,” అన్నాను.

చేపల ఆసామి గొంతు సవరించుకుని, “చెరువు ఇవ్వనంటే పోనీ మీ ఇల్లు లీజుకిస్తారా బాబుగారూ?” అన్నారు.

“చేపలకి మేడెందుకయ్యా, మెట్లెక్కలేవు!” అంది కండెలు చుట్టే ఆవిడ. షామియానా మొత్తం గొల్లుమంది. నేనూ నవ్వాను. చెరువు లీజు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు మా ఇంటి దగ్గర మురుగు కాలువ పక్కన తవ్వారు. జాయింటు దగ్గర పైపు పగిలి ఉంది. దాని చుట్టూ నల్లగా బురదపట్టిన గుడ్డ బిగించి కట్టి ఉంది. పలుగు మొనతో దాన్ని పైకి తీసేసరికి నాకు గుర్తొచ్చింది. ఒకసారి జాయింటు కారుతోందని పనివాడు గోనె ముక్క అడిగితే, గోనె అయితే చీకి మళ్ళీ తవ్వించాల్సి వస్తుందని నాన్నగారు లోపల్నుంచి తన పాత పంచె ఇప్పించారు.

ముసలాయన ఆ గుడ్డను బకెట్లో జాడించాడు. నూలు చీకిపోయి చేతిలో విడిపోయింది. అంచు మాత్రం మిగిలింది. జరీ ఎండలో తళుక్కుమంది. ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“ఇది నా చేతి అంచే! పెద్దబాబుగారికి పండక్కి నేసింది. ఇన్నేళ్ళు మురుగులో నానినా జరీ ఊడలా, చూశారా!” అని చుట్టూ ఉన్నవాళ్ళందరికీ చూపించాడు. తర్వాత నా వైపు తిరిగి, “ఇది నాకిచ్చెయ్యండి బాబుగారూ. ఇప్పటి జరీ కొట్టువాడి మొహాన పెట్టి చూపిస్తాను,” అన్నాడు.

పెళ్ళిబట్టలు అందించినంత మర్యాదగా, రెండు చేతులతో ఇచ్చాను.

పైపు కోసి బిరడా బిగించారు. సరిగ్గా వేసుకుంటే మళ్ళీ కనెక్షను ఇస్తామన్నారు సర్పంచి గారు. చూద్దాంలెండి అన్నాను. వారం పాటు పొద్దునా సాయంత్రమూ కుళాయి కుళాయికీ పరీక్షలు చేశాను. మూడు, నాలుగు వీధుల నీళ్ళు కూడా పసుపు తిరిగాయి. సీసాలు నల్లబడటం మానేశాయి. పిల్లలు బడికి పోయారు.

ఆ తర్వాత ఒక పొద్దున మా అమ్మ ఇత్తడి బిందె భుజాన పెట్టుకుని మూడో వీధి కుళాయి దగ్గరకు వెళ్ళాను. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా పక్కకు తప్పుకున్నారు.

“మీరు పట్టుకోండి బాబుగారూ.”

“నా ముందు తొమ్మిది బిందెలున్నాయి. పదోది నాది,” అని నిలబడ్డాను.

“నిలబడటం సరే, నిండినాక ఎత్తగలరా అంట?” అంది కండెల ఆవిడ.

నా వంతు వచ్చింది. బిందె నిండింది. ఎత్తబోతే సగం పంచె మీద ఒలికింది. నవ్వులు సద్దుమణిగాక సర్పంచి గారు వాళ్ళ గుమ్మంలోంచి తోమిన గ్లాసు ఒకటి తెచ్చారు. నేను చూస్తుండగానే ధార కింద పెట్టి నింపి, పళ్ళెంలో పెట్టి నాకందించారు.

“పంపు నీళ్ళేనండీ. కాచలేదు,” అన్నారు.

గ్లాసు ఖాళీ చేసి పళ్ళెంలో పెట్టాను. కొంచెం క్లోరిన్ వాసన వచ్చింది.