కుర్చీతోనే తూకం

ప్రభువుకు స్తోత్రం. పరుగెత్తే కాళ్లనూ, కదలని కాళ్లనూ ఒకే ప్రేమతో చేసినవాడికి స్తోత్రం. ఒక ముద్ద అన్నం గొంతు దిగి క్షేమంగా కడుపు చేరడం కూడా ఆయన కృపేనని నాకు నా ఉద్యోగంలోనే తెలిసింది. అందుకే ఆ ఉద్యోగం గురించి ఏది చెప్పబోయినా ముందు ఆయనను తలుచుకుంటాను.

నేను వరంగల్ పక్కన సుబేదారిలో ఒక పిల్లల కేంద్రంలో పనిచేస్తాను. పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలి కాళ్లు చేతులు మాట వినని పిల్లలు మా దగ్గరికి వస్తారు. వాళ్లను ఎలా కూర్చోబెట్టాలి, ఎలా తినిపించాలి, ఎలా ఆడించాలి అన్నది తల్లిదండ్రులకు నేర్పడం మా పని. నేను అక్కడ ఆయాగా చేరాను. చాపలు తుడవడం, బొమ్మలు కడగడం, తల్లులకు మంచినీళ్లు అందించడం. పదో తరగతి నుంచే మా చర్చి సంఘంలో ఆదివారం బడి నడిపినదాన్ని కాబట్టి పిల్లల మధ్య నాకు బెరుకు ఉండేది కాదు. అది చూసి మా పెద్ద మేడం నన్ను శిక్షణకు పంపారు. తిరిగొచ్చాక హోమ్ విజిట్లు ఇచ్చారు. అంటే ఊళ్లకు వెళ్లి, ఇంట్లోనే పిల్లను చూసి, ఆ ఇంటికి తగ్గట్టు నేర్పి రావడం.

శిక్షణలో కండరాల గురించి, కీళ్ల గురించి చెప్పారు. ఎదుటివాళ్ల మాట వినడం మాత్రం నాకు సంఘమే నేర్పింది. మా దగ్గర సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలు, చెప్పేవాళ్లను మధ్యలో ఆపకూడదు. ఒక్కో అక్క లేచిందంటే తన ఇంట్లో గేదె ఈనిన దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. అందరం ఓపికగా కూర్చుంటాం. చివరికి ఆమె గుండెలో ఉన్నది బయటికి వస్తుంది.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక ఊళ్లో, పత్తి పండించుకునే ఇంట్లో, ఒక పాప ఉండేది. ఐదేళ్లు దాటినా మెడ గట్టిగా నిలిచేది కాదు. తల్లి ఆమెను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని మెత్తటి అన్నం నోట్లో జారవిడిచేది. పాపకు పొలమారేది, కళ్లలో నీళ్లు తిరిగేవి, మళ్లీ ముద్ద. కొంత అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతోందని, అలా సాగితే పిల్ల తట్టుకోలేదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పారు. ఆ చలికాలంలో పాప అప్పటికే ఛాతీ పట్టేసి పడి లేచింది. నిటారుగా కూర్చోబెట్టి తినిపించడమే మార్గం. అందుకోసం మా కేంద్రం వడ్రంగితో ఒక కుర్చీ చేయించాను. నడుముకూ ఛాతీకీ పట్టీలు, తలకు ఇరువైపులా దిండ్లు, ముందు పళ్లెం పెట్టుకోవడానికి చెక్క పలక. ఆటోలో వేసుకెళ్లి ఇచ్చి, ఎలా వాడాలో చూపించి వచ్చాను.

మరుసటి వారం వెళ్తే పాప మళ్లీ ఒళ్లో వెల్లకిలానే ఉంది. కుర్చీ కనబడలేదు.

"కుర్చీ ఎటు పోయింది చెల్లే?" అన్నాను.

"ఎటు వోతది మేడం, లోపల్నే ఉన్నది. దానికి గూడ కాళ్లున్నయ్ గని నడవదు" అంది తల్లి.

లోపలి గదిలో కుర్చీ మీద ఎండు మిర్చి సంచి పెట్టి ఉంది. పట్టీలు సంచికి బిగించారు. ఆ సంచి ఎంత నిటారుగా కూర్చుందో చూసి నాకు నవ్వొచ్చింది, బాధా వేసింది. ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. పత్తి ధర గురించి, అత్తగారి కంటి ఆపరేషన్ గురించి చెప్పింది. అన్నీ విన్నాను. చాలాసేపటికి అసలు మాట వచ్చింది.

"పిల్ల నడుస్తే ఎత్తు బంగారం పెడ్తనని మేడారం తల్లులకు మొక్కిన మేడం."

మేడారంలో రెండేళ్లకోసారి జరిగే జాతరలో, అక్కడి వనదేవతలైన తల్లులకు ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటారు. ఎత్తు బంగారమంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం.

"ఇప్పుడు దీన్ని కుర్సీల కూసవెట్టిననుకో. తల్లులు ఏమనుకుంటరు? ఈమె ఇగ ఆశ ఇడిసింది, కుర్సీతోని సరివెట్టుకున్నది అనుకోరా? మొక్కు మొక్కిన నోటితోని నేనే అబద్ధమాడినట్టు గాదా?"

ఆ తల్లులను నేను కొలవను. కానీ అడిగినదాని కోసం ఎదురుచూసే మనసు నాకు తెలుసు. ఆ మనసును పిచ్చిదని అనలేను. అలాగని ఒక్కో ముద్దతో పాప ఊపిరి ప్రమాదంలో పడుతుంటే చూస్తూ ఊరుకోనూ లేను. ఆ వారమంతా మోకరించినప్పుడల్లా ఆ ఇల్లే కళ్ల ముందుకొచ్చేది.

జవాబు ఆదివారం మా మందిరం గుమ్మం దగ్గర దొరికింది. మా సంఘంలో ఒక తాత ఉన్నాడు. మోకాళ్ల నొప్పికి ఊతకర్ర పట్టుకుని వస్తాడు. స్వస్థత కోసం ప్రార్థన చేయించుకుంటాడు కాబట్టి, కర్రతో లోపలికొస్తే తనకు విశ్వాసం లేదని దేవుడు అనుకుంటాడేమోనని, దాన్ని చెప్పుల స్టాండు వెనక దాచి, గోడ పట్టుకుంటూ లోపలికి వస్తాడు. రెండుసార్లు పడ్డాడు కూడా. ఆ రోజు ప్రార్థన అయ్యాక పాస్టరు గారు తానే బయటికెళ్లి కర్ర తెచ్చి, అందరి ముందూ తాత చేతికిచ్చారు. "స్వస్థత వచ్చేదాక దీన్ని పట్టుకొనే కనిపెడుదాం తాతా" అన్నారు. కనిపెట్టడమంటే మా మాటల్లో దేవుని కోసం ఎదురుచూడడం. సంఘమంతా నవ్వింది. తాత అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఈసారి వెళ్లినప్పుడు ఆ ముచ్చట తల్లికి చెప్పాను. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"మీ దేవుని కాడ గూడ దాసిపెట్టుడేనా అక్కా?" అంది. అప్పటిదాకా నన్ను మేడం అనేది.

"దాస్తం చెల్లే. ఒక్కొక్కరం ఒక్కొక్కటి."

"మరి కట్టె పట్టుకుంటే ఆయనకు కోపం రాలే?"

"ఇప్పటిదాక రాలే. తాత మోకాలు గూడ తగ్గలే. గని పడుడు తగ్గింది."

ఆమె పాపను నా ఒళ్లో పెట్టింది. లేచి లోపలికెళ్లి, మిర్చి సంచిని కిందికి దించింది.

"బువ్వ తినేటప్పుడే. తిన్నంక మళ్ల లోపల వెడ్త" అంది.

"నీ ఇష్టం" అన్నాను.

కుర్చీని తడిగుడ్డతో బాగా తుడిచాం, మిర్చి ఘాటుకు ఇద్దరమూ తుమ్మాం. పాపను కూర్చోబెట్టి పట్టీలు వేశాం. గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో కొంచెమే పెట్టమన్నాను. పాప నోరు కదిపింది. ఇద్దరమూ ఆ గొంతునే చూస్తున్నాం. దగ్గు కోసం ఎదురుచూశాం. రాలేదు.

"మింగింది" అంది తల్లి మెల్లగా. ఇంకో చెంచా పెట్టింది.

ఆ కుర్చీ లోపలి గదిలోంచి ముందు గదిలోకి, ముందు గదిలోంచి అరుగు మీదికి ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు. తిన్నాక తీయబోతే పాప గొడవ చేసేదట. కూర్చుంటే కోళ్లు కనబడతాయి, దారి కనబడుతుంది, తండ్రి బండి చప్పుడు వినబడ్డాక ఆ బండి కూడా కనబడుతుంది. "పొద్దంత సర్పంచ్ లెక్క అరుగు మీద కూసోని హుకుం చేస్తాంది మేడం. నేను లేటొస్తే మొకం తిప్పుకుంటాంది" అని తండ్రి ఫిర్యాదు చేసేవాడు. మెడ ఇంకొంచెం నిలిచింది. కుడిచెయ్యి చెంచా వైపు వెళ్లడం మొదలుపెట్టింది. వాన కాలం దాటింది, చలికాలం వచ్చింది, పాపకు ఛాతీ పట్టలేదు. కేంద్రంలో నన్ను హోమ్ విజిట్లన్నింటికీ బాధ్యురాలిని చేశారు. కొత్తగా చేరిన ఆడపిల్లలను వెంట తీసుకెళ్లడం మొదలైంది. ఏ ఇంట్లోనైనా ఇచ్చిన వస్తువు మూలన పడి ఉంటే ముందు నేల మీద కూర్చోమని చెబుతాను.

జాతర దగ్గరపడుతున్న రోజుల్లో తల్లి ఫోన్ చేసింది. "అక్కా, వరంగల్ల బంగారం తూకం ఏపిస్తానం. నువ్వు రావాలె."

"పాప నడిచిందా?"

"నడవలే. నడిస్తే మళ్లొకసారి ఇస్త. ఈ యేడు పిల్ల పానం మంచిగున్నది. అడిగింది ఇయ్యలేదని, ఇచ్చిందానికి మొండి చెయ్యి సూపియ్యాల్నా?"

మా సంఘంలో ఒక అక్కకు తెలిసి, "ఆ తూకం కాడ నీకేం పనే?" అంది.

"పిల్ల పడకుంట సూసే పని" అన్నాను. అడిగి తెలుసుకోవలసినవాడిని ఆ సాయంత్రం ప్రార్థనలో అడిగాను. మనసుకు నెమ్మదే దొరికింది. వెళ్లాను.

వరంగల్ బజారులో బెల్లం దుకాణం. ఆ రోజుల్లో ఆ వీధంతా బెల్లం వాసనే, ఈగలే. లోపల దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద తక్కెడ ఉంది. పాపను పళ్లెంలో గోనెసంచి మీద కూర్చోబెట్టబోయారు. పళ్లెం ఊగగానే ఆమె ఒళ్లు బిగుసుకుపోయి, విల్లులా వెనక్కి విరుచుకుని ఏడ్చింది.

"ఎలక్ట్రానిక్ కాంటా ఉన్నదమ్మా. పిల్లనెత్తుకొని నిలబడు, తర్వాత నువ్వొక్కదానివి నిలబడు. తీసివేత లెక్క, అయిపాయె" అన్నాడు దుకాణం సేటు.

"అట్ల వద్దు సేటూ. అండ్ల నేను కలుస్తున్న గదా. పిల్ల ఒక్కతే కూసోవాలె."

ఆమె నా వైపు చూసింది. నేను ఆమె భర్త వైపు చూశాను. ఆయన అప్పటికే వాళ్లు వచ్చిన ట్రాలీ ఆటోలోంచి కుర్చీ దించుతున్నాడు. దాన్ని పళ్లెంలో నిలిపి, పాపను అందులో కూర్చోబెట్టి, పట్టీలు బిగించాను. గొలుసు ఒకటి పట్టుకున్నాను. ఏడుపు ఆగింది. సేటు అవతలి పళ్లెంలో బెల్లం ముద్దలు వేస్తుంటే పాప పళ్లెం నేల విడిచి మెల్లగా పైకి లేచింది. అది ఉయ్యాలనుకుందో ఏమో, గట్టిగా నవ్వింది. పక్క దుకాణం వాళ్లు కూడా వచ్చి చూశారు.

రెండు పళ్లేలూ సమానమయ్యాయి. సేటు అవతలి వైపు నుంచి ఒక ముద్ద తీయబోయాడు.

"కుర్సీ బరువు తీసెయ్యాలె గదమ్మా. ఊకె ఎక్కువెందుకు? కట్టెకు గూడ మొక్కినవా ఏంది?"

తల్లి కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"కట్టెకు మొక్కలే సేటూ. గని నా పిల్లను నిటారుగ నిలవెట్టింది అదే. దాన్ని ఇడిసి పిల్లనెట్ల తూస్తవ్? కుర్సీతోనే తూకం ఉంచు."

సేటు ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టాడు. తండ్రి నిట్టూర్చి నాతో అన్నాడు: "జర ముందుగాల చెప్తే సన్న కట్టెతోని చేపిచ్చుకునేటోళ్లం గద మేడం." ఆమె ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది.

జాతరకు నేను పోలేదు. అయ్యాక తల్లి, పాపను చూపించడానికి కేంద్రానికి వచ్చినప్పుడు, పేపర్లో చుట్టిన బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది.

"మొక్కిన బెల్లం మీరు తినరని తెలుసక్కా. ఇది తల్లుల కాడికి వోనిది. ఆ దినమే సేటును కొసరు అడిగి, నీ కోసమని పక్కకు తీసివెట్టిన."

నా కళ్లు చెమర్చాయి. దేవునికి కృతజ్ఞతలు చెప్పి ముక్కను విరిచి, ఇద్దరమూ తిన్నాం. పాపకు కొంచెం నాలుక మీద రాశాం. కుర్చీలో నిటారుగా కూర్చుని, చప్పరించి, మింగింది.

ఇప్పుడు పాపకు పాత కుర్చీ ఇరుకవుతోంది. వడ్రంగి కొత్తది చేస్తున్నాడు. ఆ తల్లి ఇంకా పాప నడవాలనే ఎదురుచూస్తోంది. నేనూ అదే అడుగుతున్నాను. ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి. దయగల తండ్రీ, ఈ పూట ఆ పాప నోట్లో పెట్టే ప్రతి ముద్దా క్షేమంగా గొంతు దిగనియ్యి. నీ దగ్గరికి రావడానికి కర్రలు దాచుకునే మా అందరికీ వాటిని తిరిగి చేతికియ్యి. నువ్వు చేసే కార్యం కోసం కుర్చీలో కూర్చునే కనిపెట్టే ఓపిక ఆ ఇంటికీ, మాకూ దయచెయ్యి. ఆమేన్.