రోహిణి ఎండలో దుప్పటి

నెలకోసారి, మొదటి వారంలో గుంటూరు ఆసుపత్రికి వచ్చి నా దగ్గర మందు సీసా తీసుకుపోయే మా చిన్నాన్న ఈసారి నెల మధ్యలో వచ్చాడు. ఆయన నడికుడి స్టేషన్లో పనిచేస్తాడు. వార్డు గుమ్మం దగ్గర నిలబడి, "మీ టీచరమ్మ పోయిందమ్మా. సోమవారం పొద్దున లేపితే లేవలేదంట. ఒళ్ళంతా చల్లగా ఉందంట. రెండు రోజులు అట్టానే పడుండి పోయింది. నిన్న మట్టి చేశారు," అన్నాడు. "మాత్రలు వేసుకుంటానే ఉందిగా?" అని అడిగాను. ఒక మనిషి పోయిందంటే ముందు అడగాల్సిన మాట అది కాదు. కానీ నేను నర్సును, నా నోటికి అదే వచ్చింది. సీసా అందించటం వరకే చిన్నాన్నకు తెలుసు.

గురజాల పక్కన మా పల్లెలో మిషన్ బడికి ఆమె ఒక్కతే టీచరు. భర్త పోయాడు, పిల్లలు లేరు. బడి పక్క గదిలోనే ఉండేది. అరిగిపోయిన సుద్దముక్కలు చెంగున ముడేసుకుని తిరిగేది. ఆదివారం గుడిలో పాట ఎత్తేదీ ఆమే. ఒకసారి నా పలక పగిలితే ఫలానావాడు పగలగొట్టాడని చెప్పాను.

"నువ్వు చూశావా?" అంది.

"వాడే అయ్యుంటాడండి."

"అయ్యుంటాడా అని నేనడగలా. చూసింది చెప్పు. అనుకున్నది చెప్పబాకు."

ఆ రోజు పలక పోయిన ఏడుపు కంటే ఆ మాట పడిన ఏడుపే ఎక్కువైంది నాకు.

నర్సు ట్రైనింగులో చేరిన రెండో ఏడు వేసవికి ఇంటికి వచ్చాను. రోహిణి కార్తె. బడి ముందు పరిచిన నాపరాళ్ళ మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. ఆ అరుగు మీద టీచరమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వటానికే ఆమెకు కొంతసేపు పట్టింది. "ఎప్పుడొచ్చావే?" అని అడిగిన గొంతు నాకు తెలిసిన గొంతు కాదు, బొంగురుపోయింది.

ఇంటికొచ్చి మా అమ్మను అడిగాను. "చలిజ్వరం అంటన్నారు. క్వినైను మింగుతానే ఉంది," అంది అమ్మ. "అయినా జ్వరమొచ్చిన మనిషి చిక్కిపోవాల గదా, ఆమె ఒళ్ళు చేసింది. సుఖంగానే ఉందిలే. బళ్ళో కూర్చునే నిద్రపోతదంట. మనం పలకరిస్తే జవాబు రావటానికి ఒక పూట పడుద్ది. పొగరు గామోసు."

ఊరంతా అదే మాట. చలికి జ్వరమని పేరు, వాపుకు సుఖమని పేరు, నిద్రకు బద్ధకమని పేరు, గొంతుకు వయసని పేరు పెట్టారు. నాలుగూ ఒకే మనిషికి ఎందుకొచ్చాయని ఎవరూ అడగలేదు. మర్నాడు నేను ఆమె ఎదురుగా కూర్చుని, అనుకున్నవన్నీ పక్కనబెట్టి చూశాను. కనుబొమలు చివర్లు రాలిపోయి ఉన్నాయి. చర్మం బూడిద పూసినట్టు పొడిబారింది. మొహం ఉబ్బింది, వేలితో నొక్కితే నీటివాపులాగా సొట్ట పడటం లేదు. మా వార్డులో నెల రోజులున్న ఒకామె అచ్చం ఇట్లాగే ఉండేది. ఆ వారమే టీచరమ్మను మాచర్ల రైల్లో గుంటూరు తీసుకుపోయాను.

డాక్టరుగారు ఆమెను కుర్చీ మీద మోకాళ్ళు ఆనించి నిలబెట్టి, మడమ వెనక చిన్న సుత్తితో కొట్టారు. పాదం కదిలింది, కానీ వెనక్కి రావటానికి తొందరపడలేదు. "నా కాలు గూడా ఆలోచించుకుని కదులుద్దయ్యా," అంది టీచరమ్మ. డాక్టరుగారు నవ్వారు. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి పని మానేసిందని, జంతువుల గ్రంథితో చేసిన మాత్ర రోజూ వేసుకోవాలని చెప్పారు.

"ఎన్నాళ్ళు?" అని అడిగింది టీచరమ్మ.

"బతికినన్నాళ్ళూ. బాగుందని మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

నాలుగు నెలల్లో ఆమె దుప్పటి మడిచి పెట్టెలో పెట్టింది. ఆరో నెలకు గుడిలో పాట ఎత్తింది. ఏడాది పైన అట్లా బాగా గడిచింది. నిరుడు వానలు వెనకబట్టాక వచ్చిన కృతజ్ఞతల పండుగకు నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఆమె లేచి సాక్ష్యం చెప్పింది. ప్రభువు నన్ను బాగు చేశాడు, నా గొంతు నాకు తిరిగి ఇచ్చాడు అని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, కళ్ళు తుడుచుకున్నాను కూడా.

బయటికొచ్చాక ఒక ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "దేవుడు బాగు చేశాడని నీ నోటితోనే చెప్తివి. ఇంకా ఆ సీసాలు ఎందుకమ్మా? నమ్మినట్టా, నమ్మనట్టా?" ఆమెకు చెడు చెయ్యాలని కాదు, తెలియక అడిగింది. పాస్టరుగారు మాత్రలు మానమని ఏనాడూ అనలేదు. నేనైతే నవ్వి ఊరుకున్నాను. దారిలో టీచరమ్మ, "గుళ్ళో నిలబడి అన్న మాటే అది. పలక మీద రాతా, చెంగుతో తుడవటానికి?" అంది. ఆ మాత్రకు, ఆ సాక్ష్యానికి తగువు లేదని అప్పుడు నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. బండికి టైమైందని తొందరపడ్డాను. ఆ తొందరకు నన్ను నేను క్షమించుకోలేను.

ఆ తర్వాత కూడా నెలనెలా సీసా పంపాను. నెలనెలా కార్డు వచ్చింది. "మందు అందింది. నువ్వు వేళకు తిను." చివరి కార్డులో అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉన్నాయి. చూపు తగ్గిందేమో అనుకున్నాను. అవును, అనుకున్నాను. ఊళ్ళో అప్పటికి చలికాలం. అందరూ దుప్పట్లు కప్పుకుని తిరుగుతుంటే ఆమె దుప్పటి ఎవరి కంటా పడలేదు.

ఇది చదివేవాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా ఎండలో వణుకుతుంటే, ఊరికే ఒళ్ళు చేస్తుంటే, మాట మందగిస్తే, దానికి మీరే ఒక పేరు పెట్టి ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి. మాత్ర ఇస్తే, బాగయ్యాక కూడా మింగుతున్నారో లేదో ఎదురుగా కూర్చుని చూడండి.

చిన్నాన్న వచ్చిన మర్నాడే ఊరికి వెళ్ళాను. టీచరమ్మ గదిలో మా అమ్మ ఆమె పెట్టె తెరిచింది. కార్డులు నా సంచిలోనే ఉన్నాయి, మళ్ళీ తీసి చదివాను. అందింది అని ఉంది. ప్రతి కార్డులోనూ అంతే. వేసుకుంటున్నానని ఎక్కడా లేదు. ఆమె నాకు అబద్ధం రాయలేదు.

పెట్టె అడుగున, పండుగ తర్వాత నేను పంపిన సీసాలు నాలుగూ వరసగా ఉన్నాయి. ఒక్కొక్క దాని మీద కాగితం అంటించి, ఏ నెలదో టీచరమ్మ రాసి పెట్టింది. అమ్మ ఒకదాని మూత తీసింది. లోపల, మాత్రల మీద నేను కుక్కిన దూది కుక్కినట్టే ఉంది.