అడ్డం నిలబడే వీరభద్ర సారు

వీరభద్ర సారుకు ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరు కెమెరా ఎత్తినా వచ్చి ఎదురుగా నిలబడతాడు. తాగుడు లేదు, పేకాట లేదు, ఆఖరికి వక్కపొడి కూడా నమలడు. ఏదో ఒకటి ఉంటే బాగుండేదని ఆయన విద్యార్థులు మొక్కుకునేవాళ్ళు. ఆ పని మీదైనా కాసేపు పక్కకు పోయేవాడు కదా!

కడప ఊరిబయట యూనివర్సిటీలో ఆయన ఫోటోగ్రఫీ చెబుతాడు. పొడవు దగ్గర దేవుడు కాస్త పొదుపు చేసినా, అడ్డం మాత్రం ధారాళంగా ఇచ్చాడు. ఆ పొట్టా, ఆ గళ్ళచొక్కా, ముక్కు మీదికి జారే కళ్ళజోడూ శివజ్యోతి అనే అమ్మాయి బ్యాచ్ పిల్లలు తీసిన ప్రతి ఫోటోలోనూ ఏదో ఒక మూల ఉండి తీరతాయి.

మొదటి ఏడాది వాళ్ళను గండికోటకు తీసుకుపోయాడు. పెన్నా లోయ మీద సాయంత్రం ఎండ పడే సమయం కోసం పిల్లలంతా మధ్యాహ్నం నుంచి బండల మీద మాడిపోతూ కూర్చున్నారు. తీరా ఎండ పసుపురంగుకు తిరిగి, అందరూ కెమెరాలు కళ్ళకు ఆనించుకునే సరికి సారు వెళ్ళి అంచు బండ మీద నడుముకు చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"సార్, రవ్వంత పక్కకు జరుగుతారా?" అని అరిచాడు ప్రవీణ్. క్లాసులో నోరున్నవాడు వాడే.

"నేను జరిగితే ఈ లోయ ఎంత లోతుండాదో సూసేవాళ్ళకు యెట్ల తెలుస్తాదప్పా? మనిషి ఉండాల."

"మనిషి ఉండాల సార్. అది మీరే ఏంటికి ఉండాల?"

"ఈడ ఇంగెవరుండారు?" అన్నాడు సారు చుట్టూ చూసి. క్లాసు క్లాసంతా ఆయన ఎదురుగానే ఉంది.

ఒంటిమిట్ట కోదండరాముడి గుడిలో ఇంకా బాగా జరిగింది. మసక వెలుతురులో మండపం స్తంభాలను తీయాలంటే కెమెరాను స్టాండు మీద పెట్టి చాలాసేపు తెరిచి ఉంచాలి. కదిలినవి చెదిరిపోతాయి, కదలనివి నిలుస్తాయి అని పాఠం చెప్పి, అది రుజువు చేయడానికి తానే పోయి రెండు స్తంభాల మధ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చూపు సరిగా ఆనని ఒక ముసలమ్మ వరసగా స్తంభాలకు బొట్టు పెట్టుకుంటూ వచ్చి ఆయనకూ పెట్టింది. సారు కదల్లేదు. ఆమె చెంపలేసుకుని, ఆయన పొట్టకు నుదురు ఆనించి, మనవడికి ఉద్యోగం రావాలని మొక్కుకుని పోయింది. సారు అప్పుడూ కదల్లేదు. ఆ ఫోటో క్యాంటీన్ గోడ మీద చాలాకాలం వేలాడింది.

సరే, శివజ్యోతి సంగతికి వద్దాం. ఆ పిల్లది ఆదోని దగ్గర ఒక పల్లె. తండ్రి కంబన్న పత్తి చేలల్లో కూలికి పోతాడు. కూతురికి ఫోటోగ్రఫీలో సీటొచ్చిందంటే ఆయన అడిగింది ఒకటే. "ఫోటో నొక్కేదానికి డిగ్రీ ఏంటికి పాపా? ఆదోనిలో స్టూడియోలో కూసుంటే వాళ్ళే నేర్పించి, దుడ్లు గూడ ఇస్తారు గదా?" అడిగితే అడిగాడు గానీ, బస్సు దగ్గరికి పెట్టె మోసుకొచ్చిందీ ఆయనే.

పిల్లకు వెలుగు తెలుసు, నీడ తెలుసు. తెలియనిదల్లా మనుషులే. పెద్దవాళ్ళ మొహంలోకి తేరిపార చూడకూడదని ఉగ్గుపాలతో నేర్పిన ఇల్లు వాళ్ళది. చూపు దించుకునే అలవాటు కెమెరాకు కూడా అంటుకుంది. ఎవరి వైపు తిప్పినా దాని మూతి తనంతట తానే నేలకు వాలేది. అందుకని ఆమె గోడలు తీసేది, గడపలు తీసేది, గడప ముందు విడిచిన చెప్పులు తీసేది. కాళ్ళున్న చెప్పులు మాత్రం ఒక్కటీ తీయలేదు.

"మీ ఊర్లో మనుషులంతా యాడికి పోయినారు జ్యోతీ? వలస పోయినారా?" అని ఏడిపించేవాడు ప్రవీణ్.

కంబన్న ఫోన్లో అడిగేవాడు. "ఇన్నాళ్ళు సదివి ఏమి తీస్తివి పాపా?"

"గోడలు నాయినా."

"మన గోడ గూడ పడిపోయేట్టుండాది. పడేలోపల వచ్చి తీసుకో."

అలాంటి పిల్ల గోడలను కూడా వీరభద్ర సారు వదల్లేదు. మిగతావాళ్ళ ఫోటోల్లో మూల ఉండేవాడు, ఈమె ఫోటోల్లో నట్టనడుమ తిష్ఠ వేసేవాడు. మొదట్లో నోరెత్తలేక, ఆయన పోయేదాకా ఆగుదామని నిలబడేది. ఎండ పోయేది, సారు పోయేవాడు కాదు. విధిలేక నొక్కేది. రెండో ఏటికి ఆమెకు ఓపిక పోయింది. మూడో ఏటికి నోరు వచ్చింది.

"సార్, ఎట్లనూ పక్కకు పోరు. గడ్డమన్నా ఎత్తండి."

సారు గడ్డం ఎత్తేవాడు.

"అట్ల కోడి మాదిరి కాదు సార్. ఇట్ల తిరగండి, ఎండ కంట్లో పడతాంది. ఆ మొగం ఏంది, పంటి డాక్టరు కాడ కూసున్నట్ల? వదులుగా ఉండండి!"

క్లాసులో కిటికీలు అదిరేలా అరిచే మనిషి, ఆమె చెప్పినట్టల్లా తిరిగేవాడు. ఒళ్ళంతా చెమట మాత్రం ధారగా కారేది. కడప ఎండకు ఎవరికి కారదులే అని ఆమె పట్టించుకోలేదు.

ఆఖరి ఏడాది అసలు గండం వచ్చింది. పరీక్షకు మనుషుల ఫోటోలే పేర్చి చూపించాలి, గోడలు చెల్లవు. హైదరాబాదులో పుస్తకాలకు ఫోటోలు తీసే సంస్థ ఒకటి, ఆ పరీక్ష చూసి ఒకరిని పనిలోకి తీసుకుంటానని కబురు పెట్టింది. ఆ పని శివజ్యోతికి కావాలి. నిద్రలో కూడా అదే కలవరించేంతగా కావాలి. అది రాకపోతే ఆదోని స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించుకుంటూ కూర్చోవాలి.

ఏమైనా పనికొస్తాయేమోనని ప్రవీణ్ ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని వెతికాడు. గోడ, గోడ, తలుపు, సారు. గోడ, సారు, సారు, చెప్పులు, సారు.

"నీకాడ మనుషులు లేకేం జ్యోతీ! ఒక్క మనిషే శానామంది ఉండాడు!"

ఎగతాళికే అన్నాడు గానీ, చూస్తూ చూస్తూ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కాకిని అదిలిస్తున్న సారు, ఆవులిస్తున్న సారు, అలిగిన సారు, కళ్ళజోడు తుడుచుకుంటూ గుడ్డిగా నవ్వుతున్న సారు. ఒక్కొక్కటీ పిలిస్తే పలికేట్టుంది. ఇవన్నీ నేనేనా తీసింది అని శివజ్యోతికే నమ్మకం చాలలేదు.

అచ్చు వేయించి, పరీక్షలో పెట్టడానికి ఆయన అనుమతి అడగాలని ఇద్దరూ ఎర్రముక్కపల్లిలో సారు ఇంటికి పోయారు. సారు కూరగాయలకు వెళ్ళాడు. ఆయన భార్య భువనమ్మ ఫోటోలు సోఫా మీద పరిచి, చేతిలో గరిటె ఉన్న సంగతి కూడా మరిచిపోయింది.

"ఇది మా ఆయనేనా? ఫోటోకు నిలబడినాడా?"

"నిలబడకుంటే ఒట్టు. పక్కకు జరగమన్నా జరగడు కదమ్మా!" అన్నాడు ప్రవీణ్.

"మా పెండ్లి ఆల్బంలో ఈయన మొగమే లేదు నాయినా! తాళి కట్టేటప్పుడు గూడ ఫోటో తీసేవానికి వీపు చూపిచ్చినాడు. అది జూసినోళ్ళు, ఇంతకూ యెవర్ని చేసుకున్న్యావమ్మా అని అడుగుతారు. ఆధార్ కార్డుకు పొయ్యి, మిషన్ జూసి పారిపోయి వచ్చిన మనిషి. ముందర నిలబడే పని తప్పుతాదనే కెమెరా ఎనకాల ఉద్యోగం సూసుకున్న్యాడు."

ప్రవీణ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. "సీనియర్లు గూడ అనేవాళ్ళు. గ్రూపు ఫోటో అంటే సారు గోడ దూకుతాడని. మేము నమ్మలేదు."

అంతలో సారు సంచి పట్టుకుని లోపలికి వచ్చాడు. సోఫా నిండా తన మొహాలే కనిపించే సరికి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

"నిలబడుకో!" అంది భువనమ్మ. నిలబడ్డాడు.

"ఫోటో అంటే మీకు భయమంట గదా సార్?" అని అడిగింది శివజ్యోతి.

"భయమేం కాదు. ఒళ్ళంతా చెమట్లు పడతాయి, అంతే."

"మరి ఇన్నేండ్లు ఏంటికి సార్?"

ఆయన సంచిలోని వంకాయలతో మాట్లాడుతున్నట్టు తల వంచుకుని చెప్పాడు. "నువ్వు గోడలే తీస్తాంటివి. పొయ్యి మనుషుల్ని తీయమంటే బెదిరిపోతావు. గోడకాడ నేను నిలబడుకుంటే నన్నన్నా తీస్తావు గదా అనుకుంటి. నీ ఒక్కదాని ముందరే నిలబడితే నీకు తెలిసిపోతాది. అందుకని అందరికీ అడ్డం వచ్చినా."

"అంటే నా గండికోట ఫోటో దీని కోసం చెడగొట్టినారా సార్?" అని గుండెలు బాదుకున్నాడు ప్రవీణ్.

"చెడగొట్టలేదప్పా. లోతు తెలిసింది గదా?"

శివజ్యోతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది. ఇంత మంచి మనిషిని ఎన్నిసార్లు కసురుకున్నానో అనిపించి, వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది. సారు సంచి అడ్డం పెట్టుకున్నాడు.

పరీక్ష రోజు హాలు గోడల నిండా వీరభద్ర సారే. అసలు సారు ఒక మూల కుర్చీలో, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ముడుచుకున్నాడు. ఆ హైదరాబాదు సంస్థ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నిదానంగా ఒక్కొక్క ఫోటో ముందూ ఆగి, చివరికి తన కుర్చీలో కూర్చున్నాడు.

"చాలా బాగా తీశావమ్మా. కానీ ఈయన మీ సారు. చనువున్న మనిషిని ఎవరైనా తీస్తారు. ముక్కూ మొహం తెలియని మనిషిని తీయగలవా?"

అన్నేళ్ళ అలవాటు ఊరుకోనిస్తుందా? సారు పేపరు పక్కన పడేసి, గబగబా వచ్చి శివజ్యోతి ముందు నిలబడబోయాడు.

"మీరు కూసోండి సార్," అంది శివజ్యోతి. ఆ తర్వాత ఎగ్జామినర్ మొహంలోకి సూటిగా చూసింది. "సార్, మీరు రండి. ఆ కిటికీ కాడ నిలబడండి."

"నేనా?"

"మీరే. చొక్కా సర్దుకోవద్దండి, అట్లనే బాగుండాది. గడ్డం రవ్వంత దించండి. ఊపిరి వదలండి సార్, ఎవరూ ఏమీ చేయరు."

మార్కులు వేయడానికి వచ్చిన పెద్దమనిషి బడిపిల్లాడిలా ఊపిరి వదిలాడు. ఆమె నొక్కింది. ఆయన కెమెరా అందుకుని తన మొహాన్ని చాలాసేపు చూసుకున్నాడు. "ఇది మా ఇంటికి ఒకటి పంపిస్తావా అమ్మా?" అన్నాడు. మార్కుల సంగతి ఇంక చెప్పేదేముంది?

ఇప్పుడు శివజ్యోతి హైదరాబాదులో ఆ పుస్తకాల పనిలోనే ఉంది. ఆమె తీసిన మనుషులతో మొదటి పుస్తకం వచ్చిన రోజు, ఆ మాట ముందుగా సారుకు చెప్పాలని ఫోన్ చేసింది. భువనమ్మ ఎత్తింది.

"సారు ఇంట్లో లేడమ్మా. ఈయేడు నందికొట్కూరు పక్కనించి ఒక పాప వచ్చిందంట. గొర్రెల్ని తప్ప దేన్నీ తీయదంట."

"అయితే సారు యాడుండాడమ్మా?"

"యాడుంటాడు? పొద్దన్నించి గొర్రెల నడుమ నిలబడుకోనుండాడు."