ఫ్యాన్ తిరిగేదాకా

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్ ఆగగానే, నాకు తెలియకుండానే లేచి వెళ్లి తలుపు గడియ పెట్టేశాను. పెట్టాక నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మా ఆయన పోయి ఇన్నేళ్లయినా నా చేతులకు ఆ అలవాటు పోలేదు.

ఇస్నాపూర్‌లో కిరాయికి ఉన్న రోజులవి. ఆయన కిడ్నీలు పాడైతే పొట్టకు గొట్టం వేసి, ఇంట్లోనే డయాలసిస్ చేసుకోవడం నేర్పారు. సంచిలోని నీళ్లు కడుపులోకి ఎక్కించి, కొన్ని గంటలయ్యాక దించేయాలి. సంచి మార్చినంతసేపూ ఫ్యాన్ ఆపి తలుపు మూయాలని, దుమ్ము చేరితే లోపల చీము పడుతుందని నర్సమ్మ మరీ మరీ చెప్పింది. ఆ పద్ధతి పుణ్యమా అని ఆయన ఫ్యాక్టరీ డ్యూటీ నిలబడింది.

ఒకనాడు సంచి మారుస్తుండగా ఊరి నుంచి ఆయన మేనమామ వచ్చి తలుపు తట్టాడు. మేనమామను గడప బయట నిలబెట్టడమంటే మా వాళ్లలో ఎంత తప్పో మీకు తెలియంది కాదు. నేను వద్దని సైగ చేస్తూనే ఉన్నాను, ఈయన మూత తీసిన గొట్టం చేత్తో పట్టుకునే, "రా మామా, బయటెందుకు నిలబడ్డవ్" అని పిలిచేశారు.

మర్నాటికి దించిన నీళ్లు గంజిలా వచ్చాయి, నొప్పికి మనిషి మెలికలు తిరిగిపోయారు. ఆసుపత్రిలో యాంటీబయాటిక్‌ను ఆ సంచి నీళ్లలోనే కలిపి, రోజుకొకసారి, కనీసం ఆరు గంటలు కడుపులో నిలిపి ఉంచాలన్నారు. తగ్గకపోతే గొట్టం తీసేసి, రక్తం శుద్ధి చేసే మిషన్ కోసం మాటిమాటికీ పట్నం తిరగడమే, అంటే కొలువు పోయినట్టే. కడుపు బరువుగా ఉందని ఆయన ముందే దించేయమని మొండికేస్తే, మేనమామే గదమాయించాడు. "పత్తికి మందు కొట్టంగనే వాన పడితే పురుగు సస్తదా అల్లుడా? జెర ఉండనియ్యి."

ఎవరి వల్ల వచ్చిందో మేమెవరమూ అనలేదు, మేనమామే గ్రహించుకున్నాడు పాపం. మందు పూర్తయ్యేదాకా ఊరికి పోలేదు. సంచి మార్చే వేళకు బయట అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరినీ "ఫ్యాన్ తిరగనియ్యి, గప్పుడు పో" అని ఆపేవాడు. నీళ్లు తేటపడ్డాయి, గొట్టం దక్కింది, మా ఆయన ఇంకా కొన్నేళ్లు డ్యూటీకి పోయారు.

ఇప్పుడు మేనమామా లేడు. చుట్టాలు ఫోన్ చేసి కనుక్కున్నాకే వస్తున్నారు, బయట నిలబెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. నిన్న కరెంటు వచ్చి ఫ్యాన్ తిరగ్గానే గడియ తీశాను. అరుగు మీద ఎవరూ ఉండరని తెలిసి కూడా ఒకసారి తొంగిచూశాను.