ఇంట్లో ఉన్నవి

లిఫ్టు మెకానిక్కుకు యాభై దాటాయి. గోళ్లలో గ్రీజు ఎంత తోమినా పోదు. వారానికి రెండు సాయంత్రాలు, భార్యతో కలిసి చేరిన ఫ్రెంచి క్లాసుకు ఇప్పుడు ఒక్కడే వెళ్తున్నాడు. ఆవిడ కూర్చునే కుర్చీలో సంచీ పెట్టుకుంటాడు. "ఆవిడ రావట్లేదా?" అని ఎవరైనా అడిగితే "ఊఁ" అంటాడు, అది అవునో కాదో అడిగినవాళ్లకు అంతు పట్టదు. పోయిన ఆదివారం అక్క పంపితే బావమరిది లారీ తెచ్చి ఆవిడ సామానంతా ఎక్కించాడు. "బావా, మంచమైనా ఉంచమంటావా?" అని తల దించుకుని అడిగాడు. "కాస్త వాల్చి పట్టుకోరా, గుమ్మానికి తగుల్తుంది," అంటూ మెకానిక్కే ఒక చేయి వేశాడు.

మంగళవారం పాఠం ఇంటి గదులు, సామాన్లు. పంతులమ్మ ఒక్కొక్కరినీ లేపి, ఇంట్లో ఏమేం ఉన్నాయో ఫ్రెంచిలో చెప్పమంది. సోఫా, బీరువా, అద్దం అంటూ అందరూ గడగడా అప్పజెప్పారు. మెకానిక్కు లేచాడు. "లేదు అనడానికి ఏమంటారండీ?" అని అడిగాడు. "అది వచ్చే నెల పాఠమండీ. ఇప్పటికి ఉన్నవి చెప్పండి, చాలు." అతను "లా పోర్త్" అన్నాడు. తలుపు. "లా ఫెనెత్ర్." కిటికీ. కాసేపు వెతుక్కుని, "లే మ్యూర్" అన్నాడు. గోడలు. ఇంకేమీ తోచక కూర్చున్నాడు. "పలకడం బాగా వచ్చిందండీ మీకు," అంది పంతులమ్మ.