రెండోసారి పొయ్యని నీళ్లు

పోయిన వారం మా ఊరు రెంటచింతలలో మా తమ్ముడి మనవరాలికి జ్ఞానస్నానం జరిగింది. ఫాదరుగారు పాప నెత్తిన నీళ్లు పోశారో లేదో, ఫోటోలు తీసే కుర్రాడు సరిగ్గా పడలేదండీ, ఇంకోసారి పొయ్యండని అడిగాడు. గుడంతా గొల్లున నవ్వింది. ఫాదరుగారూ నవ్వేసి, ఈ నీళ్లు మనిషికి ఒక్కసారే బాబూ అన్నారు. పక్కన కూర్చున్న తమ్ముడు మాత్రం నవ్వకుండా నా చెయ్యి పట్టుకున్నాడు.

వాడు మండు వేసవిలో, నెలలు నిండకుండా పుట్టాడు. ఏడుపు లేదు, ఒళ్లు నీలమెక్కిపోతోంది. నాన్న సైకిలు మీద పరుగెత్తాడు గానీ, ఫాదరుగారు పక్క ఊళ్లో పూజకు వెళ్లారట. జ్ఞానస్నానం లేకుండానే బిడ్డ పోతాడేమోనన్నదే అమ్మ దిగులంతా. ప్రాణం మీదికొస్తే ఎవరైనా నీళ్లు పోసి జ్ఞానస్నానపు మాటలు చెప్పవచ్చని, గుళ్లో మతపాఠాలు చెప్పే ఉపదేశిగారు మా అందరికీ నేర్పినా, నాయనమ్మకు ఏడుపుతో నోరు పెగల్లేదు, నేనింకా చిన్నదాన్ని. అప్పుడు బిడ్డను ఒళ్లో పెట్టుకున్నది పక్కింటి కిరాణా కొట్టు అత్త. రూపాయంత బొట్టు, శనివారం ఒక్కపొద్దులు, వెంకటేశ్వరస్వామి పటానికి దండ వెయ్యందే కొట్టు తెరవని మనిషి. అమ్మ మంచం మీద నుంచే, "నువ్వే పొయ్యాల వదినా, నేను చెబుతా, నా ఎనకే అను" అని బతిమాలింది. పిత, పుత్ర, పవిత్రాత్మల పేరిట చెప్పే ఆ మాటలు అమ్మ ఒక్కో ముక్కా అందిస్తుంటే, అత్త తానూ అంటూ చెంబుతో వాడి నెత్తిన నీళ్లు పోసింది. ఆ చల్లదనానికో, దేవుడి దయకో, వాడు కెవ్వుమన్నాడు.

వాడు బతికి బట్ట కట్టాక పేచీ మొదలైంది. బొట్టు పెట్టుకునే మనిషి పోస్తే అది జ్ఞానస్నానం ఎట్లా అవుతుంది, మళ్లీ పోయించాల్సిందేనని మా పెద్దలు పట్టుబట్టారు. అత్త ముఖం చిన్నబోయింది. ఫాదరుగారు ఆమెను పిలిపించి, ఏమనుకుని పోశావమ్మా అని అడిగారు. "మీ గుళ్లో మీరేం చేత్తారో అదే చెయ్యాలనుకున్నానయ్యా, నాకింకేం తెలవదు" అంది. అంతే చాలు, ఇది చెల్లుతుంది, రెండోసారి ఇవ్వకూడదని ఆయన తేల్చేసి, మిగిలిన తైలం, తెల్లబట్ట, కొవ్వొత్తి ముచ్చట గుళ్లో పూర్తి చేశారు.

అత్త మతం మారలేదు, మారమని మేమూ అనలేదు. కానీ తమ్ముడి విశ్వాసానికి తానే జామీను అనుకుంది. ఆదివారం గంట మోగాక వాడు గోలీలాడుతూ కనబడితే చాలు, కొట్లోంచి కేకేసేది: "ఒరేయ్, ఇంకా ఈడే ఉండావేంది? రేపు మీ దేవుడు నన్నడిగితే నేనేం జెప్పాల?" శ్రీరామనవమి పానకం ఇస్తూ కూడా, పూజకు పోయొచ్చావా అని అడిగే ఇచ్చేది. పెద్దయ్యాక వాడు పొలం గట్టు తగాదాలో మా బాబాయితో మాటలు మానేస్తే, నీళ్లు పోయించుకుంది ఇందుకేనా అని నిలదీసి, ఈస్టరు రాకముందే వాడిని బాబాయి గడప ఎక్కించింది. మా ఇంట్లో అంత చనువుగా దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తిట్టిన మనిషి ఇంకొకరు లేరు.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. కొట్టున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. మనవరాలి వేడుకకు డ్రోనొచ్చింది, కేకొచ్చింది, పాప విశ్వాసానికి గుళ్లో పూచీపడ్డ జ్ఞానతల్లిదండ్రులు హైదరాబాదు నుంచి కారులో వచ్చి భోజనం కాగానే వెళ్లిపోయారు. మంచివాళ్లే, కాదనను. కానీ రేపు ఆ పిల్ల గంట మోగాక వీధిలో ఆడుకుంటుంటే కేకేసేదెవరన్నదే నా దిగులు.

నిన్న ఆదివారం. గంట మోగగానే తమ్ముడు పాపను భుజానేసుకుని గుడికి బయల్దేరాడు, వెనకే నేను. సెల్‌ఫోన్ల షాపు ముందుకు రాగానే, ఎప్పటిలాగే కాస్త ఆగి, దించి ఉన్న షట్టరు వైపు చూసి, "పోతన్నానత్తా" అన్నాడు.